ఎవరూ ఆపని కుక్కర్

కరోనా రోజుల్లో ప్రొద్దుటూరులో మా ఇంట్లో కూర్చుని, కువైట్‌లో భర్తలున్న ఆడవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ ఉండేదాన్ని. నా పరిశోధన అదే. ప్రశ్న అడిగి నోరు మూసుకోవాలని, అవతలి మనిషి ఆగిపోతే తొందరపెట్టకూడదని మా గైడు నూరిపోసింది. అసలైన మాట ఆ మౌనం తర్వాతే వస్తుందట. వాగుడుకాయనైన నాకు అదొక శిక్ష.

ఆ రోజు మాట్లాడుతున్నది జమ్మలమడుగులో ఒంటరిగా ఉంటున్న ఒకామెతో. పేరూ ఇల్లూ అడగలేదు. అడగకూడదన్నది మా నియమం. అంతకుముందు నాతో మాట్లాడిన పులివెందుల టైలరమ్మ ఈమె నంబరు ఇచ్చింది. మాటల మధ్య ఆయాసం వినబడి ఏమైందని అడిగితే, ఆమె గొంతు తగ్గించింది.

"జరమొచ్చిండాది మేడమ్. యాడా చెప్పొద్దు. తెలిసిందంటే వీధికి అడ్డంగా కట్టెలు కట్టేస్తారు. ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమంటాడు."

చెప్పనని మాటిచ్చాను. ఆసుపత్రికి వెళ్లమంటే, పొయ్యి మీద కుక్కర్ ఉందని మాట దాటేసింది. మీ ఆయన ఫోన్ చేస్తే ఏం చెప్తారని అడిగాను.

"బాగుండానని చెప్తా. ఆడుండి ఆయప్ప మాత్రం ఏం చేస్తాడు..."

తర్వాత మాట లేదు. ఏదో పడిన చప్పుడైంది. ఫోన్ జారిందనుకుని, నేర్చుకున్నట్టే ఊరుకున్నాను. ఏడుస్తోందేమో, ఏడవనీ అనుకున్నాను. కుక్కర్ కూసింది. మళ్లీ కూసింది. కూస్తూనే ఉంది. ఇంట్లో మనిషున్నాక ఎవరైనా అన్నిసార్లు కూయనిస్తారా? పిలిచాను, అరిచాను. విజిల్ తప్ప జవాబు లేదు.

నా దగ్గరున్నది ఒక్క నంబరు. ఏ ఇంటికని మనిషిని పంపను? ఆ నియమాన్నీ, దాన్ని రాసినవాళ్లనూ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. లైన్ కట్ చేయడానికి భయమేసి, అమ్మ ఫోన్ లాక్కుని టైలరమ్మకు చేశాను. జమ్మలమడుగు ఆమె జ్వరంతో పడిపోయినట్టుందని చెప్పేశాను.

"ఇల్లు నాకు తెల్సు, పక్కింటోళ్లకు ఫోన్ చేస్తా. అయితే జరమని అందరికీ తెలిసిపోతాదే మేడమ్?"

"తెలిస్తే తెలవనీ అక్కా. ముందు మనిషి బతకనీ."

మళ్లీ నా ఫోన్ చెవికి ఆనించుకున్నాను. కాసేపటికి తలుపు తోసిన చప్పుడు. అడుగులు గడప దగ్గరే ఆగిపోయాయి. "అదే రోగమేమో, లోపలికి పోవద్దు" అంది ఒక మగగొంతు. ఎవరూ కదలలేదు. ఒక్కరైనా ఆ గడప దాటాలని నేనిక్కడ గోడకు దండం పెడుతున్నాను.

"జరగండప్పా" అంది ఒక ముసలి గొంతు. కుక్కర్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం విజిల్ కంటే ఎక్కువ భయపెట్టింది.

తర్వాత ఆ అవ్వే ఫోన్ తీసుకుంది. "ఊపిరాడతాండాది. ఆటో పిలుస్తాండారు. నువ్వెవురమ్మా? ఈయమ్మకు ఏమైతావు?"

ఏమవుతానో నాకు తెలియలేదు. "ఫోన్ పెట్టొద్దవ్వా" అన్నాను. "ఆమె మాట్లాడేదాకా అట్లే ఉండనీ."