రేటు లేని అంగట్లో నా బేరం

కొత్తగా జీతం చేతికొస్తున్న ఆ రోజుల్లో, గట్టిగా బేరమాడితే తగ్గనిదంటూ ఈ లోకంలో ఏదీ లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు. నాయన వైపు వాళ్లది కిరాణా, అమ్మ వైపు వాళ్లది బట్టల వ్యాపారం. నాకు నడక రాకముందే గల్లా పక్కన కూర్చోబెట్టారు. మైదుకూరులో బట్టలంగడి నడిపే మా మేనమామైతే నాకు గురువే. ఆయన దగ్గర చొక్కా తీసుకోవాలన్నా నేను బేరమాడాల్సిందే. సొంత మేనల్లుడు కదా అని ఆయన ఊరికే ఇచ్చేవాడు కాదు, ఇస్తే నేనూ తీసుకునేవాణ్ణి కాదు. ఆయనొక రేటు చెప్పడం, నేను నవ్వడం, ఆయన అలగడం, నేను లేచి గడప దాకా పోవడం, ఆయన కేకేసి వెనక్కి పిలవడం, అంతా కలిపి అరగంట. ఆ అరగంటలోనే ఇంటి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లం. (అత్తకు మోకాళ్ల నొప్పులు మొదలైన విషయం నాకు ఒక ప్యాంటు గుడ్డ బేరం మధ్యలోనే తెలిసింది.)

మామ నేర్పిన విద్య ఇంతే: కావాల్సిన సరుకు వంక కన్నెత్తి చూడొద్దు, పక్కదాన్ని తడిమి చూడు, సాయంత్రం దాకా ఓపిక పడితే ఎంతటి రేటైనా దిగుతుంది, మచ్చ పడిన సరుకు కనపడితే వదలొద్దు. ఈ విద్యతోనే కడపలో ఒక ట్రాక్టర్ల షోరూములో ఉద్యోగానికి చేరాను.

అక్కడ బెంగుళూరులో రెండేళ్లు పనిచేసి వచ్చినాయన ఒకడు మాతో ఉండేవాడు. పేరు ఎవరికీ అవసరం పడలేదు, బెంగుళూరాయన అంటే సరిపోయేది. ఆయనకు యూరప్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఏడు ఆయనతో కలిపి ఆరుగురం ఫాంటసీ లీగు పెట్టుకున్నాం. ఆట పెద్ద కష్టమేం కాదు. ఎక్కడో ఆడే ఆటగాళ్లను మనం వంతులవారీగా ఏరుకుని, ఫోన్లో మనదైన జట్టు కట్టుకోవాలి. మనం ఏరుకున్నవాడు నిజం ఆటలో గోలు కొడితే మనకు పాయింట్లు. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. ఈ ఏరుకునే కార్యక్రమమే డ్రాఫ్టు.

"ఏడాదంతా ఆడినాక ఆఖరున మిగిలినోళ్లకు శిక్ష ఉండాదప్పా," అన్నాడు బెంగుళూరాయన. "ఎవురికి ఏది ప్రాణమో, దాన్నే పీకాల."

స్పేర్ పార్టుల కౌంటరు భాయ్‌కి నెల రోజులు టీ బంద్ అన్నారు. రిసెప్షన్ అక్కకు నెల రోజులు సీరియళ్లు బంద్. నా దగ్గరికి వచ్చేసరికి భాయ్ గడ్డం గోక్కుంటూ, "ఈయప్పను వాళ్ల మామ అంగటికి తోలకపోదాం. ఆయన చెప్పిన మొదటి రేటుకే చొక్కా కొనాల. లోపలికి పోయినప్పట్నుంచీ బయటికి వచ్చేదాకా నోరు తెరవకూడదు. సంగతి ముందుగా మామకు చెప్పకూడదు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నవ్వు రాలేదు. మామ దగ్గర బేరమాడకుండా రావడమంటే, విస్తరి ముందు కూర్చుని అన్నం ముట్టకుండా లేచి రావడమే. అయినా ఓడిపోతే కదా అనుకున్నాను. ఏరుకునే పనిలో నన్ను మించినవాడు కడప జిల్లాలో ఎవడున్నాడు?

ఒక ఆదివారం మధ్యాహ్నం షోరూము మేడ మీద, కొత్త టైర్ల వాసన మధ్య డ్రాఫ్టు జరిగింది. చీటీలేస్తే మొదటి వంతు నాకే వచ్చింది. అప్పట్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టే ఆటగాడొకడున్నాడు. ఆ సంగతి చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. నాకూ వాడే కావాలి. కావాలి కాబట్టే వాడి వంక చూడలేదు.

"వాడికి మోకాలు బాగలేదంట కదా," అన్నాను ఆవలిస్తూ.

"ఎవురు చెప్పినారు?" అంది అక్క.

"ఈ ఏడు పాత ఊపు లేదంటాండారు. వయసు మీద పడ్తాండాది. సరే, వాడి సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకొక గోల్‌కీపరునియ్యండి."

ఫుట్‌బాల్ డ్రాఫ్టులో గోల్‌కీపర్ని మొదట తీసుకోవడమంటే, పెళ్లి బట్టలకని పోయి ముందుగా చేతిరుమాళ్లు కట్టించుకోవడం లాంటిది. ఆ మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు. నా తర్వాత వంతు అక్కది. ఆమె జన్మలో ఒక్క ఫుట్‌బాల్ ఆట కూడా చూసింది కాదు.

"ఆ మోకాలోడిని నాకియ్యండి," అంది.

"అక్కా, ఇంకా తగ్గుతాడు, ఆగు!" అని నోరు జారాను.

"తగ్గేదేందప్పా?" అన్నాడు బెంగుళూరాయన. "ఈడ రేటు యాడుండాది? ఉండేది వంతు ఒక్కటే. పోయినోడు పోయినట్టే."

అప్పుడన్నా నాకు బుద్ధి రావాలి. రాలేదు. వరస చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టి, రెండో వంతుకు నేను పన్నెండోవాణ్ణి. ఆలోగా గోల్స్ కొట్టేవాళ్లంతా ఐపోయారు. సాయంత్రం అంగట్లో మిగిలిన వంకాయల్లాగా మిగిలినవాళ్లలోంచి, కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నవాణ్ణొకణ్ణి తీసుకున్నాను. మచ్చ సరుకు కదా, నయమైతే లాభమే అని లెక్క. గోలు పడకుండా అడ్డుకునే డిఫెండర్లను విడివిడిగా ఎందుకని ఒకే జట్టు నుంచి నలుగురిని ఎత్తాను. చివర్లో ఇంకో గోల్‌కీపర్ని కూడా తీసుకున్నాను. (ఒకేసారి ఒక్కడే ఆడతాడని నాకు తెలుసు. అయినా మంచివాడు దొరికినప్పుడు వదలబుద్ధి కాలేదు.)

ఆ తర్వాతి నెలల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాలు విరిగినవాడు లేచి, ఆడి, రెండో వారమే మళ్లీ విరగ్గొట్టుకున్నాడు. నా నలుగురు డిఫెండర్ల జట్టు వారం వారం గోల్స్ తిని వచ్చేది. జట్టుకు గోలు పడితే డిఫెండర్ల పాయింట్లు పోతాయి కాబట్టి, ఒక్క గోలుకే నలుగురికీ ఒక్కసారే దెబ్బ. సోమవారం పొద్దున అక్క ఫోను చూసుకుంటూ, "మోకాలోడు మళ్లా మూడు కొట్టినాడంటప్పా," అనేది, ఎవరో దూరపు బంధువు ఇల్లు కట్టుకున్నాడని చెప్పినట్టు. వేసవి మొదలయ్యేసరికి ఆమె మొదటి స్థానం, నేను ఆరోది.

మైదుకూరుకు ఐదుగురూ నా వెంట వచ్చారు. మామ మమ్మల్ని చూసి పొంగిపోయాడు. "ఏమబ్బీ, ఇంతమందిని ఎంటబెట్టుకొచ్చినావు! రాండి, కూర్చోండి," అని అందరికీ మజ్జిగ తెప్పించాడు. నేను నీలం గళ్ల చొక్కా చూపించాను. మామ కాళ్లు మడుచుకుని, గొంతు సవరించుకుని, ఉత్సాహంగా, "తొమ్మిదొందలు!" అన్నాడు.

పర్సు తీసి తొమ్మిదొందలు మామ కూర్చున్న పరుపు మీద పెట్టాను.

మామ ఆ నోట్ల వైపు పాము వైపు చూసినట్టు చూశాడు. "తొమ్మిదొందలంటాండా రా," అన్నాడు మళ్లీ. తలూపాను. "ఆరొందల గుడ్డ ఇది. నీకు తెల్దా?" మళ్లీ తలూపాను. ఆయన ముఖంలో ఉత్సాహం దిగిపోయింది. గొంతు తగ్గించి, "నా మీద ఏమన్నా కోపమా నాయనా? మీ అత్త ఏమన్నా అనిందా?" అన్నాడు. కాదని తలూపాను. నోరు తెరిస్తే పందెం పోతుంది, తెరవకపోతే మామ పోయేట్టున్నాడు. వెనకాల భాయ్ నవ్వు కూడా ఆగిపోయింది.

మామ నోట్లు నా వైపు నెట్టి, "సరే. నీకేం కష్టమొచ్చిందో ఏమో, నువ్వు మాట్లాడొద్దులే. నేనే మాట్లాడతా," అన్నాడు. "'తొమ్మిదొందలా! మామా, ఉతికితే మిగుల్తుందా ఇది?' అంటావు నువ్వు. 'నోర్ముయ్, ఏడొందల యాభై కన్నా పైసా తగ్గను' అంటా నేను. అప్పుడు నువ్వు లేసి పోతావు." అంటూ ఆయనే లేచి, పంచె ఎగ్గట్టి, గడప దాకా నడిచాడు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న తన పరుపు వంక కోపంగా చూశాడు. "'నాలుగొందలైతే ఇయ్యి, లేకపోతే వద్దు' అంటావు. శానా మొండోడివి కదా నువ్వు." మళ్లీ వచ్చి తన చోట కూర్చుని, నిట్టూర్చి, "నాలుగొందల ఇరవై. పో, బతికిపో," అన్నాడు.

పదేళ్లలో ఎన్నడూ నేను అంత కిందికి దించలేకపోయాను.

అక్క కళ్లు తుడుచుకుంటూ, "నా వల్ల కాదప్పా, పందెం లేదు ఏం లేదు, మాట్లాడు," అంది. మామకు అంతా చెప్పాం. ఫుట్‌బాల్ ఆయనకు అర్థం కాలేదు గానీ, గోల్‌కీపరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు. "రేటు లేని చోట బేరమేందిరా, తిక్కోడా? అట్లాంటి చోట కావాల్సిందాన్ని గట్టిగా అడిగి తీసుకోవాల. నేను మీ అత్తనట్లే కదా అడిగింది."

ఇప్పుడు మా లీగులో కొత్తగా చేరినవాళ్లు సలహా కోసం నా దగ్గరికే వస్తారు. గోల్స్ కొట్టేవాళ్లను ముందు తీసుకోండి, గోల్‌కీపర్ని చిట్టచివర చూసుకోండి, ఆసుపత్రిలో ఉన్నవాడి జోలికి పోకండి, అందరినీ ఒకే జట్టు నుంచి తేవద్దు అని చెప్తాను. వినేవాళ్లు నన్నేదో పుట్టు పండితుణ్ణనుకుంటారు. టైర్ల మధ్య కూర్చుని, కావాల్సినవాడి వంక చూడకుండా ఆవలిస్తున్న ఆ కుర్రాడి సంగతి వాళ్లకు తెలియదు. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు. వాణ్ణి కాస్త ముద్దు చేయాలనే ఉంటుంది.

మామ అంగట్లో ఇప్పుడు ప్రతి చొక్కాకూ రేటు స్టిక్కరుంటుంది, బేరముల్లేవని గోడ మీద బోర్డు కూడా ఉంది. నేను గడప తొక్కగానే మామ ఒక చొక్కా ఒళ్లోకి లాక్కుని, నన్ను క్షేమ సమాచారాలు అడుగుతూనే, గోటితో ఆ స్టిక్కరును నెమ్మదిగా గీకడం మొదలుపెడతాడు. అది ఊడిపోయేదాకా నేను వీధి వైపు చూస్తూ ఉంటాను.