నాయనమ్మ పోయిన రోజు నాకొచ్చిన నవ్వు

మా చిన్నప్పుడు... అదిగో, ఈ పోస్టు కూడా ఆ మాటతోనే మొదలెట్టాను. "నీకేం బాబూ, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటావు" అని నిన్న నా పోస్టు కింద ఎవరో రాశారు. అదేదో వరమైనట్టు. ఆ నవ్వు మొదటిసారి నా పరువు తీసిన రోజు మీరు చూడలేదు కాబట్టి అంటున్నారు...

నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. నందివాడ దగ్గర మా ఊరు. తెల్లవారేసరికి నాయనమ్మ పోయింది. రోజూ ఆవిడ పక్కలోనే పడుకునేవాణ్ణి... ఆ రోజు కూడా. నన్ను లేపి పక్కింటికి పంపారు గానీ, ఎందుకో ఎవరూ చెప్పలేదు. మా అమ్మ ఏడుపు వినిపించాక ఇంక చెప్పే పని లేకపోయింది.

మా మేనత్త కోసం శవాన్ని ఆపారు. అత్త అవనిగడ్డ నుంచి బందరొచ్చి, అక్కడ బస్సు మారి రావాలి. రోడ్డు దాకా వెళ్ళి తీసుకురమ్మని నన్ను పంపారు. పెద్దవాళ్ళకి పనులున్నాయి, ఏడుపులున్నాయి. నాకు రెండూ లేవు.

అత్త బస్సు దిగింది. కాలవగట్టు మీద నడుస్తూ మామూలుగానే మాట్లాడింది.

"గేదె ఈనిందంట్రా?"

"ఈనిందత్తా. పెయ్య దూడ."

"మంచిదే. రాత్రి మా అమ్మ ఏం తింది?"

"మజ్జిగన్నం."

"ఆవకాయ అడిగే ఉంటది."

"అడిగింది. అరగదని మా అమ్మ వెయ్యలేదు."

"వెయ్యాల్సింది" అంది అత్త.

మా వీధి మలుపు దగ్గర ఆగింది. "ఈ సంచీ పట్టుకోరా" అని నా చేతికిచ్చి, జుట్టు ముడి విప్పి, గొంతెత్తింది. "అమ్మా... నా తల్లీ... నన్ను చూడకుండానే ఎల్లిపోయావా..." రాగం తీసి, ఊరంతా వినపడేలా. ఒక్క అడుగు ముందు ఆవకాయ గురించి మాట్లాడిన మనిషి.

నా కడుపులో ఏదో కదిలింది. సంచీ మొహానికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. వసారాలో చాప మీద నాయనమ్మ... గడ్డం కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టారు. పంటినొప్పి వస్తే తనే అచ్చం అలా కట్టుకునేది. కట్టుకుని, "నన్ను మాట్లాడించకండర్రా" అని దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేది.

నవ్వేశాను. చిన్న నవ్వు కాదు. అత్త రాగం కూడా ఆగిపోయింది.

మా నాన్న తలెత్తాడు. కోప్పడలేదు. ఎవరి పిల్లాడో అన్నట్టు చూశాడు. "వాణ్ణి అవతలికి తీసుకెళ్ళండి" అన్నాడు. అంతే.

గడ్డివాము వెనక కూర్చున్నాను. పాడె కదిలినప్పుడు డప్పుల చప్పుడు అక్కణ్ణుంచే విన్నాను. నాయనమ్మంటే నాకు ప్రేమ లేదన్నమాట, వెచ్చగా ఉంటుందని పక్కలో పడుకున్నానన్నమాట... అలా అనుకున్నాను. బళ్ళో నా పేరే మారిపోయింది. "నాయనమ్మ చస్తే నవ్వినోడా, బలపం ఇటివ్వరా" అనేవాళ్ళు. ప్రతిసారీ అంత పొడుగు పేరు పెట్టి పిలవడానికి వాళ్ళకి ఓపిక ఎలా ఉండేదో.

నాలుగైదు రోజులకి, నేను మళ్ళీ అక్కడే కూర్చునుంటే, అత్త కంచం పట్టుకుని వాము వెనక్కి వచ్చింది.

"అన్నం మానేశావంట. ఎవర్ని సాధిద్దామని?"

"ఆకల్లేదత్తా."

"నన్ను చూసేగా నవ్వావు?"

వాములోంచి ఒక గడ్డిపరక లాగాను.

"నాకు బస్సులో ఏడుపు రాలేదురా. కన్నతల్లి పోతే కన్ను తడవదేంటే అని నన్ను నేనే తిట్టుకున్నా. గట్టు మీదా రాలేదు. మలుపు దగ్గర ఉత్త నోటితో మొదలెట్టా. సగంలో నిజంది వచ్చింది." కంచం నా ఒళ్ళో పెట్టి, "నీకా నవ్వు ఎక్కడ మొదలైంది?" అని అడిగింది.

ఇదేం ప్రశ్న, నోట్లోనే కదా అనుకున్నాను. ఆలోచిస్తే నోట్లో కాదు. బొడ్డు పైన చెయ్యి పెట్టి చూపించాను.

"నాకూ అక్కడేరా" అంది అత్త.

అప్పుడొచ్చింది ఏడుపు... కంచంలో అన్నం ఉప్పగా అయ్యేంత. అప్పటిదాకా నాకు నవ్వంటే నవ్వు, ఏడుపంటే ఏడుపు. లోపల ఒకటుండి బయటికి ఇంకోటి రావచ్చని తెలీదు.

"మీ నాన్నకి చెప్పు" అంది.

"నువ్వు చెప్పత్తా."

"నవ్వింది నేనా?"

పెద్దదినం అయ్యాక నాన్న రేవులో ఎద్దుల్ని కడుగుతున్నాడు. కొత్త గుండు. "నాన్నా, ఆ రోజు నాకు..." అని మొదలెట్టాను. బొడ్డు పైన కదిలింది. అది భయమని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఆగలేదు. నవ్వొచ్చేసింది.

నాన్న గుండు తడుముకుని, ఎద్దు వైపు తిరిగిపోయాడు.

తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఆ వీపు గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి.

అప్పట్నుంచీ నవ్వు రాగానే పొట్ట మీద చెయ్యేసుకుని, నువ్వెవరు అని అడగడం అలవాటైంది. ఒక్కోసారి భయం, ఒక్కోసారి దిగులు, ఎక్కువసార్లు సిగ్గు... అరుదుగా నిజం నవ్వు. పాపం ఆకలేస్తోందేమో అని పిలిచి ఇడ్లీలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. తిన్నాను.

ఇప్పుడు చావులకి వీధి మలుపులో గొంతెత్తేవాళ్ళు లేరు. కార్లు దిగుతున్నారు, అద్దాల పెట్టె చుట్టూ కాసేపు నిలబడుతున్నారు, ఫోను చూసుకుని వెళ్తున్నారు. లోపల ఏముందో వాళ్ళకైనా తెలుస్తోందో లేదో... మీలో ఎవరికైనా నవ్వకూడని చోట నవ్వొచ్చిందా? మొహమాటపడకుండా రాయండి. సిగ్గు మీ బదులు నేను పడతాను.

మా నాన్నకి ఎనభై దాటాయి. నా దగ్గరే ఉంటాడు. ఆ రేవు దగ్గర ఆగిపోయిన మాట ఇంతవరకూ పూర్తి చెయ్యలేదు. ఇవాళైనా ఆయన పక్కన కూర్చుని, నాన్నా, నేను నవ్వింది నీ గుండు చూసి కాదు, నాయనమ్మని చూసీ కాదు, నాకా రోజు... ఉండండి, ఆయనే పిలుస్తున్నాడు. "ఒరే అబ్బాయ్, ఓసారి ఇలా రా" అంటున్నాడు. వస్తున్నా నాన్నా, ఈ ఒక్క ముక్క రాసి...