జారిన చేమదుంప

ఉవాజిమా రేవుకి దిగే బస్సు నారింజ తోటల మలుపులో ఆగింది. ఎక్కిన ముసలాయన గొడుగు ఊపుకుంటూ సరాసరి వచ్చి తోకుజో పక్కన కూలబడ్డాడు.

"ఏరా, బతికే ఉన్నావా? నీ ఫోటో ముందు అగరొత్తులు వెలిగించడానికి కబురెప్పుడొస్తుందా అని చూస్తున్నా."

నిషివాకి. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే ఫెర్రీ మీద తాళ్ళు విసిరినవాళ్ళు. ఉద్యోగాలు అయ్యాక మళ్ళీ కలవలేదు.

"కబురంపాల్సిన మనిషే ముందు పోయింది," అన్నాడు తోకుజో.

తోకుజో భార్య సుమిఎ పోయి మూడేళ్ళయిన సంగతి నిషివాకికి తెలీదు. గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత, "మరి అన్నం ఎక్కడరా?" అన్నాడు.

"రేవు వెనక, యోషిఎ పిన్ని హోటల్లో."

"పద, నేనూ వస్తా. వారం వారం కంటి డాక్టరు దగ్గరికి వస్తున్నా, తిండికి మాత్రం దిక్కులేదు."

యోషిఎ తోకుజో కన్నా పదేళ్ళు చిన్నది. అయినా ఊరందరికీ పిన్నే. ఆమె హోటల్లో అయిదు బల్లలు, గోడకి ఆనించి ఒక పొడుగు చెక్క. గుమ్మం పక్కన యంత్రంలో ముందే చీటీ కొనుక్కుని కూర్చోవాలి. మూడేళ్ళుగా తోకుజోది ఆ చెక్క దగ్గర చివరి కుర్చీ. ఇలా గోడకెదురుగా తినడం ఏ ఊళ్ళో మొదలెట్టారో గాని, ఒంటరివాళ్ళ మీద జాలిపడ్డవాడే కనిపెట్టి ఉంటాడు. ఎదుటి కుర్చీ ఖాళీ అని గోడ చెప్పదు కదా.

ఇవాళ బల్ల దగ్గర కూర్చున్నాడు. యోషిఎ చూసింది. అతనికి ఎప్పటిలాగే కాల్చిన కానాగంత చేప, సోయా ముద్దతో కాచే మిసో చారు, అన్నం తెచ్చింది. నిషివాకికి చేమదుంపల పులుసు.

"ఈయన ఇంకొకరితో నోరు తెరిచి మాట్లాడగా ఇదే చూడ్డం," అంది నిషివాకితో. "గోడతో కాపరం అనుకున్నాం."

"ఫెర్రీలోనూ ఇంతేనమ్మా. వీడికన్నా లంగరు నయం, నీళ్ళలో పడితే చప్పుడైనా చేసేది."

తోకుజో నవ్వాడు. వేడి చారు గొంతు దిగుతుంటే ఒక మాట నాలుక చివరికొచ్చింది: వచ్చే వారం కూడా ఇక్కడే తిందాంరా. ఇంతే. చారు అయ్యాక అందామనుకున్నాడు. చారు అయ్యాక, చేప అయ్యాక అందామనుకున్నాడు. అడిగితే కాదంటాడేమోనని కాదు, అడగడం మరిచిపోయి చాలా కాలమైంది.

"ఇది రుచి చూడరా," అంటూ నిషివాకి తను తింటున్న జత పుల్లలతో చేమదుంప ముక్క ఎత్తి అతని గిన్నె వైపు చాచాడు. చేమదుంప బుద్ధి తెలిసిందేగా, జారింది. తోకుజో చెయ్యి తాళ్ళు పట్టిన చెయ్యి. దానంతటదే లేచి, తన పుల్లలతో గాలిలోనే అవతలి కొస పట్టుకుంది.

రెండు జతల పుల్లలు, మధ్యలో ఒక ముక్క.

పక్క బల్లవాళ్ళు తల తిప్పుకున్నారు. దహనమయ్యాక బూడిదలోంచి ఎముకని ఇద్దరు చెరో జత పుల్లలతో పట్టి ఎత్తి కుండలో వేస్తారు. రెండు జతలు ఒక్కదాన్ని పట్టేది అక్కడే. పసివాడు అన్నం దగ్గర అలా చేస్తే తల్లి చేతి మీద ఒక్కటేస్తుంది.

"అప్పుడే కాల్చేశావట్రా నన్ను? ఇంకా వెచ్చగానే ఉన్నా చూడు," అన్నాడు నిషివాకి.

"అన్నం దగ్గర ఆ మాటలేంటండీ," అని నవ్వుతూ యోషిఎ ఇద్దరి పక్కనా కొత్త పుల్లలు పెట్టి వెళ్ళింది.

తోకుజో కూడా నవ్వబోయాడు. సుమిఎకి పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు. ఆ రోజు అవతలి జత పట్టుకున్నది శ్మశానం ఉద్యోగి, తెల్ల చేతితొడుగులు వేసుకున్న కుర్రాడు. "నెమ్మదిగానండీ," అన్నాడు. ఎముక అంత తేలిగ్గా ఉంటుందని తోకుజో అనుకోలేదు. అప్పటినుంచీ ఇంకొకరి పుల్లలు అతని పుల్లలకి తగలడం ఇదే.

ముక్కని చిన్న పళ్ళెంలో పెట్టాడు. అన్నం మాత్రం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. నాలుక చివర మాట ఎటో పోయింది. వెతికాడు, దొరకలేదు.

"టీ తెస్తానుండు," అని నిషివాకి మూల ఉన్న బిందె దగ్గరికి లేచాడు. అటు తిరిగి, కళ్ళు చికిలించి, రెండు కప్పులు నింపుతూ కంటి డాక్టరుని తిడుతున్నాడు.

హోటలు ఖాళీగా ఉన్నా, పిన్ని లోపల గిన్నెలు తోముకుంటున్నా, "కడుపు నిండిందమ్మా" అని చెప్పందే తోకుజో ఏనాడూ గడప దాటలేదు. ఇవాళ కుర్చీ చప్పుడవకుండా జరిపి, గుమ్మానికి వేలాడే నీలం గుడ్డ తలతో తోసుకుని, బస్టాపు వైపు కాకుండా రేవు గట్టు వెంట నడిచాడు.