సిరిసిల్ల బోర్డు మీది "పర్సనల్"

కోరుట్లల పరీక్షకు ఇంక నలభై దినాలుండంగ నా కుడిచెయ్యి చెవి దాటి పైకి పోతలేదు. రెండు చేతులు లేపితే ఎడమది ఆకాశాన్ని చూపేది, కుడిది ఎదురింటోళ్ల కిటికీని చూపేది. ఆ కిటికీల ఎవరన్న కనపడితే నమస్తే పెడుతున్నట్టు దించుకునేటోణ్ణి.

పరీక్షంటే కాయితాల మీద రాసేది కాదు. దుబాయి కంపెనీ మనుషులొచ్చి, ఫంక్షన్ హాల్ల వరుసగ నిలబెట్టి, ఇరవై కిలోల ఇనుప పైపు చేతికిచ్చి నెత్తి మీదికి పదిసార్లు లేపమంటరు. లేపినోని పాస్‌పోర్టు ఒక దిక్కు, లేపలేనోనిది ఇంకో దిక్కు. స్కాఫోల్డింగు పని అది. లేస్తున్న బిల్డింగు చుట్టు పైపులు బిగించుకుంట మనం గూడ దాంతోపాటు పైకి లేసుడే. అప్పటికే రెండుసార్లు పోయొచ్చిన. నలభై ఎనిమిదేండ్లు నిండినయి. "కాకా, నీ ఈడోళ్లకు ఇదే ఆఖరి బ్యాచు" అని ఏజెంటు ముందే చెప్పిండు. పొలంల బోరెండి రెండేండ్లు. ఇంట్లామె పొద్దుందాక బీడీలు చుడుతది. బిడ్డ నర్సింగు మధ్యల ఉన్నది. పైపు లేవకపోతే ఇల్లు లేవదు.

అందుకే చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలే. చెప్పకుంట ఉండుడు నాకు అలవాటు లేని పని. జగిత్యాలల నన్నెరిగినోళ్లందరికీ నా దుబాయి కథలెరికే. ఒకసారి పైకెల్లి జారిన సిమెంటు బకెటును నేను చేత్తోని ఆపిన. ఇది నిజం. రెండో ఏడు చెప్పేటప్పటికి అది పైపుల కట్ట అయింది. మూడో ఏటికి క్రేను కొక్కెమే అయింది, దాన్ని ఆపింది ఒంటిచెయ్యే. నేను అబద్ధమాడుతనని కొందరంటరు. నేనేం ఆడలే, బకెటు పెరిగింది.

చెయ్యి బాగు చేసుకుందామని ముందుగాల మా జగిత్యాలల పెద్ద జిమ్‌కే పోయిన. రెండో అంతస్తు, నాలుగు గోడలకు అద్దాలు, చెవులు పగిలేటట్టు పాటలు. పోరగాండ్లు నన్ను చూడంగనే గుర్తువట్టిండ్రు.

"కాకా, క్రేను ఆపిన చెయ్యి ఇదేనా? జర ఈ రాడ్డు లేపి చూపియ్యి, వీడియో తీస్త!"

ఫోన్లు లేచినయి. నాలుగద్దాలల్ల నలుగురు నేనులు. నలుగురికీ కుడిచెయ్యి పొట్టిదే. తప్పించుకునే దారి కోసం మెడ తిప్పిన. పరుగెత్తే పట్టా మీద తువ్వాల భుజాన ఏసుకొని మా ఏజెంటే నడుస్తున్నడు. అద్దంలకెల్లి సూటిగ నన్నే చూస్తున్నడు. రోజూ వస్తడంట.

నా నోరు నన్ను ఎన్నడు విడిచిపెట్టలే. "అంజన్న మొక్కు ఉన్నదిరా! నలభై దినాలు కుడిచేత్తోని బరువు లేపద్దని కొండగట్టు మీద మొక్కుకున్న," అన్న.

పోరగాండ్లు ఫోన్లు దించి దండం పెట్టిండ్రు. ఏజెంటు గూడ తలూపిండు. "మంచిది కాకా. మొక్కు తీరినంక పరీక్షల చూస్త," అన్నడు. ఆ "చూస్త" అన్న మాట నా ఎన్నుపూసలకెల్లి దిగింది. వారం తిరగకముందే ఇంకో ఇద్దరు అదే మొక్కు పట్టిండ్రని తెలిసింది. వాళ్ల భుజాలకేం రోగమో పాపం.

ఇగ ఆ మెట్లెక్కలే. సిరిసిల్ల బస్సెక్కిన. అక్కడ నన్నెరిగినోళ్లు లేరు. నా అసొంటోనికి తన కథలు చేరని ఊరును మించిన దవఖాన లేదు.

ఒక సందుల, మూతవడ్డ సాంచల షెడ్డు గోడకు చిన్న బోర్డు కనపడ్డది. సాంచలంటే సిరిసిల్లల కరెంటు మగ్గాలు. "పర్సనల్ ట్రైనింగ్. ఒక్కసారికి ఒక్కరే" అని రాసున్నది. మా దిక్కు పర్సనల్ అంటే ఏందో మీకెరికే. కాంపౌండర్ను బయటికి పంపి డాక్టరు చెవుల చెప్పుకునేది. అప్పుడే లోపటికెల్లి ఒకాయన మొఖానికి తువ్వాల అడ్డం పెట్టుకొని బయటవడ్డడు. ఎదురుంగ చాయ్ కొట్టాయన నన్ను కిందికీ మీదికీ చూసి జాలిపడ్డడు.

"పర్సనలా అన్నా? సిగ్గువడకు, పో. చానమంది వస్తుంటరు."

"నాది భుజం!" అన్న.

"అందరు గట్లనే అంటరు," అన్నడు చాయ్ పొంగు ఊదుకుంట.

లోపట ఒకటే గది. అద్దం లేదు, పాట లేదు. నాలుగు ఇనుప పైపులు, దూలానికి కట్టిన సైకిల్ ట్యూబులు, ఒక బల్ల. నేర్పేటాయనకు ముప్పై అయిదేండ్లుంటయి. చిన్నప్పటి సంది సాంచల మీద పనిచేసిండు. ఇక్కడ పని తగ్గినంక బొంబాయి పక్క భివండికి పోయి అక్కడ గూడ సాంచలే నడిపిండు. పక్కపొంటి జిమ్ముల నేర్చుకొని, నేర్పుడు గూడ మొదలువెట్టి, ఆ ఇద్యతోని తిరిగొచ్చిండు. సాంచల సప్పుడుకు చెవులు సగం పోయినయి. ఆ సప్పుడుల మాటలు వినపడయి గనుక కార్మికులు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటరు. ఈయనకు ఆ అలవాటు పోలే. నేను మాట్లాడుతుంటే నా నోటి దిక్కే చూసేటోడు.

నాకు అది మొదటి దెబ్బ. నా కథల బలమంత గొంతులనే ఉన్నది. ఈయనకు గొంతు అందదు.

"ఎట్లయింది కాకా?" అన్నడు.

"షేకు ఒంటె గుంజింది తమ్మీ. పందెం ఒంటె. ముకుతాడు పట్టుకుంటె అరమైలు ఈడ్చుకపోయింది."

ఆయన నవ్వలే. నా చెయ్యి పట్టుకొని నెమ్మదిగ తిప్పి, వేళ్లతోని భుజం చుట్టు తడిమి చూసిండు. "ఒంటె ముందటికి గుంజుతది. ఇది పైకి గుంజింది," అని ఇగ అడుగలే. ట్యూబు చేతికిచ్చి పని చెప్పిండు.

రోజు విడిచి రోజు పోయిన. నా తర్వాత ఒకామె వచ్చేది. పెనిమిటి మస్కట్ల ఉంటడు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. నా ముందటాయన, అదే తువ్వాల ఆయన, రిటైరైన బస్సు కండక్టరు. మెట్లంటే భయం పట్టిందంట. పెద్ద జిమ్‌కు ఎందుకు పోలేదని ఆమెను ఒకసారి అడిగిన. "ఫోన్ల ముంగట ఎవలు ఒంగుతరన్నా? పెనిమిటికి వీడియో పోతే మస్కట్‌కెల్లి తిడుతడు," అన్నది. కండక్టరు మాత్రం అసలు ఈడికి రానే రానట్టు సందు చివరికి పోయి నిలబడేటోడు. మాకు ముగ్గురికీ సిగ్గు ఒకటే. ఒక్కల ముంగటనైతే కిందవడొచ్చు, నలుగురి ముంగటవడితే లేవలేం.

చెయ్యి లేసింది. వారానికి నుదురు దాటింది. మూడు వారాలకు ఒట్టి చెయ్యి నిటారుగ నిలబడ్డది. సంబురపడి బస్సుల నిలబడి పైరాడ్డును కుడిచేత్తోనే పట్టుకొని వేములవాడ దాంక వచ్చిన.

పరీక్షకు ఇంక తొమ్మిది దినాలు. ఆనాడు ఆయన ఇసుక నింపిన పైపు తెచ్చిండు. "ఇది ఇరవై. నేను ఎన్కనున్న, లేపు," అన్నడు. నేను గోడ దిక్కు చూసుకుంట లేపిన. ఒకటి. రెండు. మూడోది నెత్తి మీదికి పోయినంక భుజం లోపల గింజ జారినట్టయింది. నాకు ఆ జారుడెరికే. పైపు వంగకముందే ఆయన రెండు చేతులు దాన్ని పట్టుకున్నయి. కింద పెట్టి, నా ముందటికొచ్చి నిలబడ్డడు.

"ఇంతకుముందు ఊడిందా ఇది?"

"లేదు తమ్మీ."

"వినపడలే. మల్ల చెప్పు."

"లేదంటున్న గద!"

ఆయన నా నోటి మీదికెల్లి కండ్లు తియ్యలే. "పదిహేనేండ్లు పెదవులు చూసి బతికిన కాకా. నీ పెదవులు ఒకటంటున్నయి, భుజం ఒకటంటున్నది. గట్టిగ చెప్పు."

నేను జీవితంల ఎన్నో అబద్ధాలు చెప్పిన. కాని ఒకే అబద్ధాన్ని, నోట్లకే చూస్తున్న మనిషికి మూడోసారి చెప్పుడు నాతోని కాలే.

"ఊడింది!" అని ఒర్రిన. "రెండుసార్లు ఊడింది!"

బయట చాయ్ కొట్టు కాడ గిలాసల సప్పుడు ఆగింది. మోకాళ్లామె దర్వాజ కాడికి వచ్చింది గావచ్చు, చెప్పుల సప్పుడైంది. ఇగ ఆగుడు లేదు. దుబాయిల నాలుగో అంతస్తు మీద నేను పైపు బిగిస్తున్న. నా కింద నిలబడి పైపులు అందిస్తున్నది నా రూములోడే, వీర్నపల్లి మనిషి. భుజం ఊడింది, పైపు జారింది. ఆయన నెత్తికి మూరెడు పక్కపొంటి పడ్డది. ఆ మనిషే ఆ పొద్దు క్యాంపుల నా సంకల కాలు పెట్టి, చెయ్యి గుంజి భుజాన్ని ఎక్కిచ్చిండు. డాక్టరు కాడికి పోతే రాస్తడు, రాస్తే ఇంటికి పంపుతరు అని పోలే. రెండోసారి మా ఇంట్లనే ఊడింది. అది మా ఇంట్లామెకు గూడ తెల్వది. ఇదంత గొంతు చించుకొని చెప్పిన. సిరిసిల్ల సందంత విన్నది.

"మరి ఒంటె?" అన్నడాయన.

"ఒంటె లేదు."

బల్ల మీద కూసున్నడు. "ఇది తొమ్మిది దినాల పని కాదు. ఆర్నెల్లు. అప్పటిదాంక నెత్తి మీదికి బరువు వద్దు."

"పదిసార్లే తమ్మీ. పది లేపి పాసైత. ఆ ఎన్క నా తిప్పలు నేను పడుత."

"పది లేపిస్త. అది నాకొచ్చు. రేపే చూపిస్త," అన్నడు. "పదకొండోది ఎవరు పడుతరు? ఈడ నేనున్న. ఆడ నీ పైపు కింద ఎవలుంటరు?"

ఎవలుంటరో నాకెరికే. లేసి బస్సెక్కిన. ఆ తొమ్మిది దినాలు సిరిసిల్లకు పోలే.

కోరుట్ల ఫంక్షన్ హాల్ల ఫ్యాన్లు తిరుగుతున్నా అందరి అంగీలు తడిసున్నయి. నా ముందటాయన ధర్మపురి దిక్కోడు. తొమ్మిదోసారికి మోకాళ్లు వణికినయి, పదోసారికి పండ్లు కొరికిండు, పాసైండు. ఆయన కండ్లల నీళ్లు చూసి అందరం మొఖాలు తిప్పుకున్నం. ఇగ నా వంతు.

ఒకటి నుంచి అయిదు దాంక తేలికనే పోయినయి. ఆరోది పైకి పోయినంక లోపల జారుడు మొదలైంది. ఎన్క ఎవ్వరి చేతులు లేవు. కంపెనీ మనిషి కుర్చీ నాకు అడుగు దూరంల ఉన్నది, ఆయన తల నా పైపు కిందికే వంగి కాయితం చూస్తున్నది. నేను పైపును ఛాతి మీదికి, అక్కడికెల్లి నేల మీదికి దించిన.

ఏజెంటు పక్కకొచ్చి చెవుల ఊదిండు. "ఇంక నాలుగే కాకా. కండ్లు మూసుకొని లేపు."

"ఈ భుజం రెండుసార్లు ఊడింది," అన్న. సిరిసిల్ల అలవాటుకు అది గట్టిగనే వచ్చింది.

"నిన్నెవలడిగిండ్రు!" అన్నడు ఏజెంటు, పండ్ల నడుమకెల్లి. నా పాస్‌పోర్టు ఇంకో దిక్కు పోయింది.

జగిత్యాల చేరేటప్పటికి పొద్దు ఇంక ఉన్నది. ఇంట్లామె అరుగు మీద చాట ముంగటేసుకొని బీడీలు చుడుతున్నది. నా మొఖం చూసి చేతులు ఆపింది. నా కథలకు ఆమె ఎప్పుడూ చేతులు ఆపదు.

"కాలేదు గదా?"

"కాలే. నేనే చెప్పిన. భుజం ఊడుతదని."

"భుజం ఊడుడేంది?"

చెప్పిన. దుబాయిది చెప్పిన. వీర్నపల్లి మనిషి సంగతి చెప్పిన. నా నోటికి ఇంకోదాన్ని మింగుడు చాతకాలే. "ఇంకోసారి ఈడనే ఊడింది. అటుక మీది సంచి దించంగ."

"నేనేడున్న?"

"వంటింట్ల. రొట్టెలు చేస్తున్నవ్."

"ఎవలెక్కిచ్చిండ్రు మరి?"

"నేనే. తువ్వాల నోట్ల కుక్కుకొని, దర్వాజకు గుద్ది."

ఆమె చాటల ఆకు మీద ఆకు సర్దింది. "ఆనాడు నాలుగు రొట్టెలు తిన్నవ్," అన్నది. "ఎడమచేత్తోని తింటున్నవేందని అడిగితే, దుబాయిల గిదే ఫ్యాషన్ అన్నవ్. నేను నవ్విన."

నేను చాట అవతల అరుగు మీద కూసున్న.

"రేపటి సంది ఏం చేస్తవ్?"

"తెల్వదు."

ఆమె దారం పండ్లతోని తెంపి, చుట్టిన బీడీని కట్టల పెట్టింది. "తెల్వకుంటే తెల్వదు," అన్నది. "మల్ల ఊడితే మాత్రం నన్ను పిలువు."