కిటికీ కింద తొమ్మిది రోజులు

జానయ్య కోడలు బాలింత గదిలో ప్రాణం విడిచినప్పుడు సరూర్‌నగర్ గల్లీ మొత్తం వేలెత్తి చూపింది బాలింతకు నీళ్లు పోసే ఎలీశమ్మనే. "దాని చెయ్యి మంచిది గాదు" అన్నది జానయ్య భార్య అండాలమ్మ. పొద్దు గూకేలోపు ఆ మాట చెరువుకట్ట దాకా పాకింది.

కిటికీ బిగించింది అండాలమ్మ. తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కింది ఆమే. మంచం పక్కన బొగ్గుల కుంపటి రాజేయించిందీ ఆమే. "జర కిటికీ తెరువుండ్రమ్మా, మీ కోడలి మొకం ఎర్రగైతున్నది" అని ఎలీశమ్మ అడగకపోలేదు. "గాలి తగిలితే పూచీ నీదా? నీళ్లు పొయ్యనీకి వచ్చినవ్, నీళ్లు పోసి పో" అన్నది అండాలమ్మ. పోసి పోయింది. మర్నాడు ఆ ఇంటి నుంచి శవం లేచింది.

తాను అడిగిన సంగతి ఎలీశమ్మ ఎవరికీ చెప్పలేదు. కోడల్ని పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి వాదులాడటం ఆమెకు చేతకాలేదు. ఒంటరి మనిషి, ఊరి చివర మనిషి, అందులోనూ కిరస్తానీ. నింద మోపడానికి ఇంతకన్నా అనువైన భుజం ఏ గల్లీకి దొరుకుతుంది?

ఆమెది నల్లగొండ పక్క పల్లె. భర్త యేసుదాసు మలక్‌పేటలో పందెపు గుర్రాలకు గడ్డి వేసేవాడు. అతను పోయాక కట్ట కింద ఒంటిగదిలో ఉంటూ ఇల్లిల్లూ తిరిగి బాలింతలకు, పసిపిల్లలకు నీళ్లు పోసేది. జానయ్య ఇంటి తర్వాత ఆ పిలుపులు ఆగిపోయాయి. కూలికి ఇసుక మోసింది. ఆదివారం ప్రార్థనలో కూడా వెనక గోడకు ఆనుకుని కూర్చునేది, పక్కన ఎవరూ చేరేవారు కాదు. మనసు ఆగక ఒకరోజు దవాఖానకు నడిచి వెళ్లి అక్కడి నర్సమ్మను అడిగింది. "బొగ్గునిప్పు మూసిన గదిలో విషం కక్కుతది ఎలీశమ్మా. దానికి వాసన ఉండదు, పొగ ఉండదు. తల నొస్తది, వాంతి అయితది, నిద్దరొచ్చినట్టయి మనిషే పోతది" అన్నది నర్సమ్మ. ఆ మాట విన్నాక ఎలీశమ్మకు ఊరట కలగలేదు. ఆనాడే చెయ్యి చాచి ఆ కుంపటి ఎందుకు లాగలేదని తనను తానే తిట్టుకుంది.

ఇది జరిగిన నాలుగేళ్లకు, అరవై తొమ్మిది జనవరిలో, దిల్‌సుఖ్‌నగర్ కొత్త ఇళ్ల నుంచి పిలుపు వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కౌసల్యమ్మ ఇల్లు. కోడలు వైదేహికి ఆడపిల్ల పుట్టింది. కొడుకు భానుమూర్తి తన అత్తగారిని తీసుకురావడానికి గుంటూరు వెళ్లి, బస్సులు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నాడు. వీధుల్లో ప్రత్యేక తెలంగాణ కోసం ఊరేగింపులు, నినాదాలు. ఎప్పుడూ వచ్చే మంత్రసాని ఈసారి ఆ గడప తొక్కనన్నది. గత్యంతరం లేక ఎలీశమ్మకు కబురు పెట్టారు.

కట్ట కింద ఆడవాళ్లు ఎత్తిపొడిచారు. "ఏందే, ఆంధ్రోళ్ల బాలింతకు నీళ్లు పోస్తవా?"

"పసిగుడ్డుకు తనది ఏ ఊరో ఎరికనా అక్కా?" అని చీర కొంగు తల మీదికి లాక్కుని నడిచింది.

మొదటి రోజు అంతా బాగానే గడిచింది. ఆ సాయంత్రం ఎవరో విసిరిన రాయికి బాలింత గది కిటికీ అద్దం పగిలింది. మర్నాడు పొద్దున ఎలీశమ్మ వెళ్లేసరికి కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. గదిలో కుంపటి ఎర్రగా మండుతోంది. వైదేహి తల పట్టుకుని మంచం అంచున వంగి ఉంది.

"తల పగిలిపోతోంది అత్తయ్యా... కడుపులో తిప్పుతోంది."

"వాతం చేసిందే. మరో నాలుగు బొగ్గులు వేస్తే సర్దుకుంటుంది" అంటోంది కౌసల్యమ్మ.

ఎలీశమ్మ బిడ్డ బుగ్గ తట్టింది. బిడ్డ కళ్లు విప్పలేదు, పాలు అందుకోలేదు. ఇక ఎవరినీ అడగలేదు. కొంగుతో కుంపటి చెవులు పట్టుకుని అలాగే పెరట్లోకి మోసుకుపోయింది. చేతులు కాలాయి. తిరిగొచ్చి తలుపులు బార్లా తీసి, పెరట్లో దొరికిన గొడ్డలితో చెక్కలు ఊడదీయబోయింది.

కౌసల్యమ్మ అడ్డం వచ్చింది. "మీవాళ్లు రాళ్లేస్తారు, నువ్వొచ్చి కిటికీ తెరుస్తావు! నిజం చెప్పవే, ఎవరు పంపారు నిన్ను?"

ఎలీశమ్మ గొడ్డలి కింద పెట్టింది. అటు గల్లీకి ఆంధ్రోళ్ల మనిషి, ఇటు ఈ ఇంటికి రాళ్లేసేవాళ్ల మనిషి. ఎవరికీ తమ మనిషి కాదు.

"నన్నెవ్వలు పంపలే అమ్మా. కిటికీ మూస్తే మీ కోడలు, మనవరాలు ఇద్దరూ పోతరు. నా కండ్లతోని చూసిన. రాయి వస్తదని భయమైతే, నేను కిటికీ కింద కూసుంట. ముందుగాల నాకు తాకాలె."

కౌసల్యమ్మ ఆమె కాలిన చేతుల వంక చూసింది. పక్కకు తప్పుకుంది. చెక్కలు ఊడాయి.

గంట సేపటికి వైదేహి లేచి కూర్చుని మంచినీళ్లు అడిగింది. ఇంకాసేపటికి బిడ్డ ఏడ్చింది. కౌసల్యమ్మ గోడకు ఆనుకుని తానూ ఏడ్చింది.

ఆ రోజు నుంచి పదకొండో నాటి పురుడు వరకు తొమ్మిది రోజులు ఎలీశమ్మ ఆ కిటికీ కిందే కూర్చుంది. పొద్దున నీళ్లు పోసి, బయట కుంపటి మీద పొత్తిళ్లు వెచ్చచేసి లోపలికి అందించేది. చలి మరీ కొరికితే, కిటికీ తీసి ఉన్నంతసేపే కుంపటి గదిలో ఉండనిచ్చేది. పొద్దు వాలగానే దాన్ని బయట పెట్టించి, కిటికీకి చెక్క అడ్డం పెట్టించి, కట్ట దారి పట్టేది. అన్నం విస్తట్లో అరుగు మీదికే వచ్చేది. దారిన పోయేవాళ్లు చూసీ చూడనట్టు పోయేవారు. చలిగాలికి వీపు బిగుసుకుపోయేది. లోపలి నుంచి పాలు తాగే చప్పుడు వినబడితే మాత్రం కాసేపు చలి మరిచేది.

అయిదో రోజు కుర్రాళ్లు పదిమంది వచ్చారు. ముందున్న వాడు దశరథ, కాలేజీ పిల్లవాడు. చేతిలో రాయి.

"ఏందవ్వా, ఆంధ్రోళ్లు నిన్ను కావలి పెట్టుకున్నరా?"

"కావలి గాదు బిడ్డా. లోపల పచ్చి బాలింత ఉన్నది. కిటికీ మూస్తే ఊపిరాడక సస్తది."

"మరి జై తెలంగాణ అంటవా?"

"నీకంటె గట్టిగ అంటరా! నల్లగొండల పుట్టినదాన్ని, నాకు నువ్వు నేర్పుతవా? మనం అడిగేది మన నౌకరీలు, మన నీళ్లు. పసిగుడ్డు పానం అడుగుతున్నమారా?"

వెనక ఒకడు నవ్వాడు. "అరే, ముందుగాల అవ్వకే నౌకరి ఇయ్యాలెరా!"

దశరథ రాయిని కాసేపు అరచేతిలో తిప్పాడు. కాలువలో పడేసి, "జర కప్పుకో అవ్వా, చలి ఉన్నది" అని వెళ్లిపోయాడు.

పురుడు నాటికి భానుమూర్తి వచ్చాడు. ఇంటినిండా చుట్టాలు. కౌసల్యమ్మ గడప లోపలే నిలబడి ఎలీశమ్మకు చీర అందించింది. లోపలికి రమ్మనలేదు. కిటికీలోంచి వైదేహి పిలిచింది.

"రేపు రావా ఎలీశమ్మా?"

"రేపటి సంది నాకేం పని తల్లీ" అంది ఎలీశమ్మ. ఊచల్లోంచి బిడ్డ పాదం ఒకసారి ముట్టుకుని వెళ్లింది. ఆ చలికాలం ఆమెను ఇంకెవరూ పిలవలేదు. ఇద్దరిని బతికించిందని ఎవరూ చెప్పుకోలేదు మరి.

చదువుతున్న మీరు ఒక పని చెయ్యండి. మీ వీధిలో బాలింత ఉన్న ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. ఇవాళే ఆ ఇంటికి వెళ్లండి. మూసిన గదిలో కుంపటి కనబడితే బయట పెట్టించండి. బయట పెట్టం అని వాళ్లంటే కనీసం కిటికీ బార్లా తెరిపించండి. తలనొప్పి, వాంతి, మగత అంటే వాతమని బొగ్గులు వెయ్యకండి. మనిషిని ఆరుబయటికి తెచ్చి, దవాఖానకు తీసుకుపోండి. గాలి తగిలితే చలి వేస్తుంది, దుప్పటి కప్పితే పోతుంది. పెద్దవాళ్లు కోప్పడతారు. పడనివ్వండి.