బుగ్గయ్య తాత రుమాలు

ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టి బతికినవాళ్లలో చేపల వాసన రాని మనిషి ఒక్క మా తాతే. వల దులిపి ఒడ్డెక్కగానే చింతపండుతో చేతులు తోముకునేవాడు. కుంకుడు రసంతో తల రుద్దుకునేవాడు. ఆ తరువాత పట్నం నుంచి తెచ్చుకున్న అత్తరును చిన్న దూదిలో అద్ది చెవి మడతలో పెట్టుకునేవాడు.

"గా వాసనకు చెరువుల చేపలు సోయి తప్పి వలల పడేటియి. లేకుంటే మీ తాతకు చేపలు పట్టుడెక్కడొచ్చు?" అనేది మా నాయనమ్మ ఈదమ్మ.

తాత పేరు బుగ్గయ్య. బుగ్గలు మాత్రం లేవు, ఎముకల మీద తోలే. అయినా ఆయన ఒంటిమీద ఏ బట్ట వేసినా ఆ బట్టకే అదృష్టం పట్టినట్టు ఉండేది. ధోతి ఆరీ ఆరకముందే మడతపెట్టి చాప కింద పరిచి దానిమీద పడుకునేవాడు. మడత చెదురుతుందని తెల్లారేదాకా పక్కకు ఒత్తిగిలేవాడు కాదట. "పీనుగు లెక్క పంటడు, పెండ్లికొడుకు లెక్క లేస్తడు" అని వాడంతా నవ్వేది. అంగీకైతే ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, దాని అడుగుతో రుద్దేవాడు. ఇస్త్రీపెట్టె మా వాడకు రాకముందే ఇస్త్రీ వచ్చిందంటే అది తాత పుణ్యమే.

వీటన్నిటికీ పైన, నెత్తిమీద, రుమాలు. దానికి గంజి చిక్కగా కాదు, పలచగా కాదు, వేలితో తాకి చూసి పెట్టేవాడు. కట్టుకునేటప్పుడు ఒక కొసను ఇంటి ముందటి గుంజకు కట్టి, రెండో కొసను చెవి దగ్గర పట్టుకుని, తానే గిరగిరా తిరుగుతూ గుంజ దాకా వచ్చేవాడు. అందరూ తలకు రుమాలు చుట్టుకుంటారు, మా తాత మాత్రం రుమాలులోకి తన తలను చుట్టేవాడు. అద్దం లేదు కాబట్టి తాంబాళంలో నీళ్లు పోసి వంగి చూసుకునేవాడు. చూసుకుని ఒకసారి దగ్గేవాడు. నచ్చిందని దాని అర్థం.

నైజాం కాలం నాటి మాట ఇది. మా వాడ నుంచి అంగడికి పోయే తోవలోనే దొర గడి ఉండేది. కోట లాంటి ఇల్లు, ఏనుగు పట్టేంత దర్వాజా. దాని ముందు నుంచి పోయేవాడు ఎవడైనా సరే చెప్పులు చేత పట్టుకోవాలి, నెత్తిమీది రుమాలు తీసి నడుముకు చుట్టుకోవాలి. ఎండైనా వానైనా అంతే. ఊరందరికీ అది అలవాటైపోయింది. గడి కనబడకముందే చేతులు వాటంతట అవే నెత్తిమీదికి పోయేవి.

తాత పడుచువాడైన కొత్తలో కిర్రు చెప్పులు కుట్టించుకున్నాడు. వాటి కిర్రు వినబడాలనే యావలో పడి, నెత్తిన రుమాలు సంగతి మరిచి గడి ముందుకు వచ్చేశాడు. ఆ కిర్రే కొంప ముంచింది. దర్వాజా దగ్గరి జవాను పిలిచాడు.

"ఎవడ్రా నువ్వు? కొత్త అల్లునివా?"

"చేపల జానయ్య కొడుకును."

"చేపలు పట్టేటోనికి గింత గంజి ఎందుకురా? ఇప్పు. ఇప్పి నడుముకు కట్టు."

తాత విప్పాడు. పొద్దంతా కష్టపడి పెట్టిన మడతలన్నీ ఊడి, రుమాలు నడుం చుట్టూ పాత గోనె లాగ వేలాడింది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. చెరువు కట్ట మీద కూర్చుని ఒట్టు పెట్టుకున్నాడు: ఇక రుమాలు దించే తోవన నడవనని.

ఆనాటి నుంచి అంగడికి కట్ట మీదుగా, పొలం గట్ల మీదుగా, తుమ్మచెట్ల మధ్య నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. ఒక చేత చేపల గంప, ఇంకో చేత ముళ్లకు తగలకుండా ఎత్తిపట్టిన ధోతి. ఆయన అంగడికి చేరేసరికి చేపలు వాడిపోయేవి, రుమాలు మాత్రం నిటారుగా ఉండేది.

చిక్కు పెండ్లితో వచ్చింది. పక్కనున్న మంచాల ఊళ్లో మల్లేశయ్య కూతురు ఈదమ్మతో సంబంధం ఖాయమైంది. పెండ్లి చేసుకుని ఊళ్లోకి వచ్చే ఏ జంటైనా ఊరేగింపుగా గడి ముందు ఆగాలి. పెండ్లికొడుకు రుమాలు తీసి గడపకు ఆనించి దండం పెట్టాలి. ఇక్కడ చుట్టుతోవ పనికిరాదు, పెండ్లి జంట గడికి రాలేదంటే ఇల్లు పీకేస్తారు.

"నెత్తి దించే లగ్గం నాకొద్దు బాపూ" అన్నాడు తాత.

"అయితే గా రుమాలునే చేసుకోరా! వంట గూడ అదే వండిపెడ్తది" అని ముత్తాత జానయ్య గంప విసిరికొట్టాడు.

పెండ్లి ఒక మాఘం దాటింది, మరో మాఘమూ దాటింది. మల్లేశయ్య వేరే పిల్లగాణ్ని చూస్తున్నాడని కబురు తెలిసింది. తాత చెంబులో నిప్పులు పోసి, అంగీ రుద్ది, చెవిలో అత్తరు పెట్టి మంచాలకు నడిచాడు. మల్లేశయ్య అరుగు మీద నుంచి లేవనైనా లేదు.

"పిల్లగా, నీ నెత్తి సంగతి నువ్ చూస్కో. మా పిల్ల సంగతి మేం చూస్కుంటం."

"జర ఆగు మామా. కాలం గిట్లనే ఉండదు."

"కాలం మారేదాక పిల్లను ఇంట్ల కూసోబెట్టాల్నా?"

అప్పుడు లోపలి నుంచి ఈదమ్మ వచ్చింది. అంత చక్కగా బట్ట కట్టిన మగవాణ్ని అంతవరకు చూడలేదని నాయనమ్మ నాకు చెవిలో చెప్పింది, తాతకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆయనకు పొగరెక్కుతుందట, అప్పటికి ఉన్నది చాలదన్నట్టు. ఆ రోజు బయటికి మాత్రం వేరే మాట అంది.

"నేనాగుత బాపూ. గని ఓ పిల్లగా, ఒక్కటి ఇను. గా రుమాలు కోసం నన్ను ఆపుతున్నవు. నా లగ్గంల అది దిగిందా, నేను అట్లనే మంచాలకు మర్లిపోత."

అంతే, తాత ఇరుక్కుపోయాడు. దించకపోతే దొర వదలడు, దించితే పిల్ల దక్కదు.

ఆ రోజుల్లోనే సంఘం వాళ్లు మా చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టారు. చేలల్లో నలుగురిని కూర్చోబెట్టి వెట్టి గురించి, భూముల గురించి, గింజల గురించి చెప్పేవారు. అంతా విన్నాక తాత లేచి నిలబడ్డాడట.

"అన్నా, మరి రుమాలు సంగతేంది?"

అందరూ విరగబడి నవ్వారు. చెప్పేవాడు మాత్రం నవ్వలేదు. "అది గూడ గంతే తమ్మీ. ఎవ్వని ముందట దించేది లేదు."

"గట్లయితే నేను సంఘమే" అని తాత కూర్చున్నాడు. ఆనాటి నుంచి వాళ్లకు అన్నం మూట మోశాడు, అదీ మడత నలగకుండా.

తరువాత రజాకార్లు వచ్చారు. ఒకనాడు వాళ్ల బండ్లు ఊరివైపు వస్తున్నాయని తెలిసి మగవాళ్లంతా చెరువులోకి దిగి తుంగలో దాక్కున్నారు. మెడ దాకా నీళ్లు. తాత తలమీద రుమాలు కొంగలాగ తెల్లగా మెరుస్తోంది.

"ఓరి బుగ్గా, నీ నెత్తి పాడుగాను! ఎండకు మెరుస్తున్నదిరా!" అని పక్కనున్న జంగా గుసగుసలాడాడు. కట్ట మీద బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

తాత రుమాలు తీయలేదు. చెరువు అడుగు నుంచి నల్లటి బురద దోసిట తీసుకుని, తన చేతులతో తానే, ఆ గంజి మడతల మీద మెత్తాడు. ముందు, వెనక, కొంగు దాకా. బూట్లు దాటిపోయాయి. తుంగలో ఉన్నవాళ్లంతా బతికి బయటపడ్డారు. ఒడ్డెక్కాక జంగా ఆయన కాళ్లు పట్టుకోబోతే, "కాళ్లు ఇడువు, కుంకుళ్లు తే" అన్నాడట. ఈ సంగతి తాత నాకు చెప్పలేదు, జంగా తాత చెప్పాడు. అడిగితే, "గా బురద మరక ఎంత ఉతికినా పోలేదు బిడ్డా" అని మాత్రం అన్నాడు.

ఆ ఏడు వానాకాలం చివర పోలీసు యాక్షన్ జరిగింది. మిలిటరీ పట్నం చేరిందన్న వార్త కంటే ముందే దొర కారెక్కి వెళ్లిపోయాడు. గడి దర్వాజాకు తాళం పడింది. మల్లేశయ్య ఇంక ఏ వంకా పెట్టలేకపోయాడు. పెండ్లి మంచాలలో అయింది.

బురద మరక ఉన్న రుమాలునే తాత మళ్లీ గంజి పెట్టి కట్టాడు, మరక లోపలి మడతలోకి పోయేటట్టు. ఊరి బయట ఎడ్లబండి దిగి, కొత్త జంట కొంగుముడితో నడుస్తోంది. ముందు డప్పులు, వెనక చుట్టాలు. గడి మలుపు వచ్చింది.

డప్పులు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. తాళం వేసిన దర్వాజా ముందు ముసలివాళ్లంతా వంగి చెప్పులు చేతికి తీసుకున్నారు. ముత్తాత జానయ్య రుమాలు అప్పుడే నడుముకు చేరింది. లోపల మనిషి లేడు, కుక్క కూడా లేదు. అయినా అంతమందీ ఊపిరి బిగబట్టి నడుస్తున్నారు.

అప్పుడు మా తాత చెయ్యి కూడా పైకి లేచింది. అన్నేళ్లు చుట్టు తిరిగిన మనిషి చెయ్యే! రుమాలు అంచు పట్టుకుంది కూడా.

కొంగుముడి ఒక్కసారిగా గుంజుకుంది. పెండ్లికూతురు తల ఎత్తకుండానే, పండ్ల సందు నుంచి అంది: "మంచాల తోవ నాకు ఎరుకే."

తాత చెయ్యి అంచు మీదే ఒక్క క్షణం ఆగింది. తరువాత ఆ చేతితోనే రుమాలు కొంగును మెల్లగా సర్ది, జర పైకి లేపి, మీసం దువ్వినంత నెమ్మదిగా చెయ్యి కిందికి దించాడు. మొదటి నుంచీ దానికోసమే ఎత్తినట్టు! ఆ తరువాత ఒకసారి దగ్గాడు. గడి ముందు ఆ కిర్రు చెప్పులు కిర్రుకిర్రుమంటూ నడిచాయి. ఆ చప్పుడు విని ముత్తాత తన కొడుకు నెత్తివైపు చూశాడు, తన నడుం వైపు చూసుకున్నాడు. గబగబా విప్పి నెత్తికి చుట్టుకున్నాడు. వంకరగా చుట్టుకున్నాడు పాపం, అందరికీ తాత చెయ్యి ఎక్కడ వస్తుంది? డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

కొన్నాళ్లకు దొర తిరిగొచ్చాడు. ఈసారి నెత్తిన తెల్ల ఖద్దరు టోపీ పెట్టుకుని గడి అరుగు మీద కూర్చున్నాడు. ఎవరెవరు చెప్పులు విడుస్తారోనని అందరూ చూస్తున్నారు. తాత ఆ పొద్దున గుంజకు రుమాలు కట్టి, గిరగిరా తిరిగి చుట్టుకుని, చేపల గంపతో నేరుగా గడి తోవ పట్టాడు. నాయనమ్మ వాకిట్లో నిలబడి ఆయన వచ్చేదాకా పొయ్యి కూడా వెలిగించలేదు.

మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకుని వచ్చాడు. రుమాలు నెత్తిమీదే ఉంది.

"దొర చూసిండా?"

"చూసిండు."

"నువ్వు?"

"నేను గూడ చూసిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు?" తాత గంప దించి, చేతులకు చింతపండు రుద్దుకుంటూ అన్నాడు, "పాపం, టోపీకి గంజి తక్కువైంది."