సంచి ఆకారంలో ఉండిపోయిన వేర్లు

2017 ఏప్రిల్. అప్పుడు నేను బేతంచెర్ల దగ్గర ఒక నర్సరీలో మొక్కల పెంపకం చూసేవాణ్ణి. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. రాతినేలలో, ఎదురుగాలిలో బతికే చెట్టు కావాలని వచ్చినవాళ్లకు సీమచింత ఇచ్చేవాళ్లం. అది మన దేశపు చెట్టు కాదు. అయినా బండ తగిలితే పగుళ్లు వెతుక్కుని వేరు దిగుతుంది.

ఒక ఉదయం సుంకులమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె భర్త మద్దిలేటి పాతికేళ్లు బండల పాలిష్ మిషన్ మీద పనిచేశాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయింది.

“ఇంటి పైన బండలు పగలంతా కాగుతాండాయి సార్. లోపల ఆయప్పకు ఊపిరాడదు. వాకిట్లో చెట్టుంటే ఆ నీడకు కూసుంటాడు. పెద్ద మొక్క ఇయ్యి. డాక్టర్లు శానా నాళ్లు చెప్పల్యా.”

మోకాలెత్తు మొక్క తీసుకోమనీ, తొలకరి దాకా ఆగమనీ చెప్పడం నా పద్ధతి. ఆ రోజు నోరు రాలేదు. మూలన మిగిలిపోయిన ఆరడుగుల మొక్కను నేనే ఆటోలో ఎక్కించాను. ఒకే సంచిలో ఏళ్లు గడిస్తే వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుంటాయి. దాన్ని మేము రూట్ కాయిలింగ్ అంటాం. నాటేముందు ఆ చుట్టలు కోసేయాలి. కోస్తే కొన్నాళ్లు ఆకు రాలుతుంది. అది చూసి ఆమె దిగులుపడుతుందని కోయలేదు. ఏ మొక్క ఇచ్చినా దాని సంచి వయసు డైరీలో రాసుకునేవాణ్ణి, దీనిది రాయలేదు.

ఆషాఢం గాలికి మొక్క పడిపోయిందని కబురొస్తే వెళ్లాను. మూడు నెలలు రోజూ రెండు బిందెలు పోసినా ఒక్క వేరూ గుంత దాటలేదు. మట్టిగడ్డ ఇంకా సంచి ఆకారంలోనే ఉంది.

“నీళ్లు సాలలేదేమో సార్,” అంది సుంకులమ్మ.

“తప్పు నీది కాదమ్మా. వేరు కోయకుండా ఇచ్చింది నేను.”

గడప మీద కూర్చున్న మద్దిలేటి దగ్గు ఆగాక నవ్వాడు. “పోనీలే సారూ. దానికీ నా మాదిరే లోపల గాలాడల్యా.” గుంత వైపు చెయ్యి చూపి అన్నాడు: “ఇంగొకటి పెట్టు. ఈసారి చిన్నదే పెట్టు. నాకని పెట్టొద్దు.”

పెట్టాను. ఆ మాటతోనే నాకు తట్టింది. నర్సరీ నుంచి నాలుగు సరుగుడు గుంజలు, లేత మొక్కల మీద కప్పే పచ్చటి షేడ్ నెట్ తెప్పించాను. సాయంత్రానికి వాకిట్లో పందిరి లేచింది. మంచం బయటికొచ్చింది. మద్దిలేటి దాని కింద ఇరవై రోజులున్నాడు, అంతే.

ఆ తర్వాత ఎవరు చెట్టు అడిగినా, ఎవరికోసం, ఎప్పటికి కావాలని ముందు అడిగాను. నీడ వెంటనే కావాలన్నవాళ్లను పందిరి వేసుకుని, పక్కన మోకాలెత్తు మొక్క నాటుకోమన్నాను. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్ల ఉద్యోగం తర్వాత తెలిసింది. ఏప్రిల్‌లో సుంకులమ్మ నన్ను నీడ అడిగినప్పుడు, మేమిద్దరం షేడ్ నెట్ కిందే నిలబడి ఉన్నాం.